తెలిసిన ముఖం

ఆ మధ్యాహ్నం ఆ ఇంట్లో ఉన్నది కిటికీ పక్కన మిషన్ కుడుతున్న టైలరమ్మ, ముఖం మీద పేపరు కప్పుకుని పడుకున్న ఆమె మొగుడు, చంటిదాన్ని జోకొడుతున్న కోడలు. పిలవకుండా వచ్చింది పెద్దావిడ ఒక్కతే.

గడప దగ్గర చెప్పులు విప్పి, లోపలికొచ్చి గోడకి జారబడి కూర్చుంది. కోర్టు బెంచీల మీద కూర్చుని కూర్చుని ఆవిడ నడుం ఎప్పుడో పడిపోయింది.

"మళ్ళీ వచ్చావా అక్కా" అంది టైలరమ్మ, తల ఎత్తకుండానే.

"క్షమాభిక్ష అర్జీ కూడా కొట్టేశారు చెల్లీ. వచ్చే వారం ఉరి."

మిషన్ ఆగలేదు.

"జైలుకెళ్ళి చూసొచ్చాను. చొక్కా ఒంటి మీద వేలాడిపోతోంది. 'నేను కాదమ్మా' అన్నాడు. ఇంకేం మాట్లాడలేదు."

"జైల్లో ఉన్నవాళ్ళంతా అదే అంటారు."

"నువ్వు అబద్ధం చెప్పావనడం లేదు. పోలీసులు వరసలో నిలబెడితే ఆ ముఖాన్ని గుర్తుపట్టావు. నిజమే. కానీ ఎక్కడ చూసిన ముఖం? హత్య జరిగినప్పుడు నీ కొట్టు ముందు నుంచి చీకట్లో పరిగెత్తినవాడిదా? ఈ వీధుల్లో తిరిగి స్టవ్‌లు బాగుచేసేవాడిదా?"

పెద్దావిడ సంచిలోంచి అతని ఫోటో తీసింది. ఎన్ని గుమ్మాల్లో చూపించిందో, అంచులు మెత్తబడిపోయాయి.

కోడలు తొంగి చూసింది. "అత్తయ్యా, మన స్టవ్‌కి బర్నర్ మార్చింది ఇతనే కదా? మీరు టీ కూడా ఇచ్చారు."

మిషన్ ఆగింది.

పేపరు కింద మొగుడు కిసుక్కుమన్నాడు. "నిన్న ఏం కూర వండిందో గుర్తుండదు. ఈవిడగారి సాక్ష్యం మీద ఒకడికి ఉరి."

"మీరు పడుకోండి" అంది టైలరమ్మ.

"వకీలు దగ్గరికొచ్చి ఒక్క మాట చెప్పు" అంది పెద్దావిడ. "నాకు అనుమానంగా ఉంది అను, చాలు. ఉరి ఆపించడానికి చూస్తానన్నాడు."

టైలరమ్మ సూదిలోకి దారం ఎక్కించబోయింది. ఎక్కలేదు.

"ఖాయమేనా అని జడ్జిగారు అడిగారు. ఖాయమే అన్నాను. ఇప్పుడు కాదంటే నన్ను బతకనిస్తారా అక్కా?"

"నీ పక్కన నేను నిలబడతాను. నిన్ను ఎవరేమంటారో చూస్తాను. పోయిన ప్రాణం ఎలాగూ రాదు. ఉన్నదాన్నైనా ఉండనీ."

టైలరమ్మ ఫోటో వైపు చూసింది. తర్వాత లేచింది.

వస్తోందనుకుని పెద్దావిడ గోడ పట్టుకుని తనూ లేచింది. గడప దాటి చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుంది. టైలరమ్మ గడప దాటలేదు.

"వాడు కాదంటే, నీ కొడుకుని చంపిందెవరో చెప్పమని రేపు నువ్వే వచ్చి నా గుమ్మంలో కూర్చుంటావక్కా" అంటూ తలుపు వేసేసింది.