ఒకదానికొకటి పడాలి

"ఇవి కూడా పడవమ్మా," అన్నాడు షాపాయన.

కౌంటరు మీద మదర్‌బోర్డు ఒక పక్క, ప్రాసెసరు ఒక పక్క ఉన్నాయి. చిట్టి రెంటినీ మార్చి మార్చి చూసింది.

"రెండూ మంచివే కదంకుల్?"

"మంచివే. విడివిడిగా చూస్తే దేనికీ వంక పెట్టలేం. కానీ ఒకదానికొకటి పడదు. దీని గూడు వేరు, దాని పిన్నులు వేరు."

"కాస్త గట్టిగా నొక్కితే?"

"పిన్నులు వంగిపోతాయి. ఆ తర్వాత రెండూ దేనికీ పనికిరావు."

చిట్టి ప్రాసెసరుని మెల్లగా పక్కకి జరిపింది.

సొంతంగా పార్టులు ఎంచి కట్టించుకుంటున్న మొదటి గేమింగ్ కంప్యూటర్ ఇది. పాత లాప్‌టాప్‌లో ఆట మొదలయ్యేసరికి అవతల స్నేహితులు ఆడేసి లేచిపోతున్నారు. అమ్మా నాన్నా చెరి సగం వేసుకుంటామన్నారు. అంతకు మించి చిల్లిగవ్వ కూడా ఇవ్వబోమన్నారు. చిట్టి కూడా ఒక షరతు పెట్టింది. ఏ పార్టయినా ఇద్దరూ వచ్చి చూసి, సరే అంటేనే కొనాలి.

అందుకే శనివారం శనివారం ఆసుపత్రి ల్యాబు నుంచి తల్లి, బస్సు డిపో నుంచి తండ్రి ఈ షాపుకి వస్తున్నారు. మొదటిసారి చిట్టి ఎంచిన క్యాబినెట్‌లో గ్రాఫిక్స్ కార్డు పట్టలేదు. తర్వాత వారం ర్యామ్ బోర్డులోకి దిగలేదు. ఇవాళ ఇది.

"అందరూ మదర్‌బోర్డు మదర్‌బోర్డు అంటారు. ఫాదర్‌బోర్డు ఉండదేంటండీ?" అన్నాడు తండ్రి.

"ఉండేదట. ఊరికే వేడెక్కిపోతోందని తీసేశారట," అంది తల్లి.

షాపాయన పడీ పడీ నవ్వాడు. తండ్రి కూడా నవ్వాడు, కాస్త ఆలస్యంగా.

తల్లి అద్దాల క్యాబినెట్ల వైపు నడిచింది. "ఏమండీ, ఈ రంగురంగుల లైట్లు లేనిది లేదా?"

"ఆఁ?" అన్నారు మగవాళ్లిద్దరూ ఒకేసారి.

"షాపాయన్ని," అంది తల్లి, అటు తిరిగిపోయి.

తండ్రి బయటికెళ్లి అందరికీ టీ తెచ్చాడు. "నీది చక్కెర లేకుండానే," అంటూ ఆమెకి అందించాడు.

ఆమె ఒక గుక్క తాగింది. "ఇప్పుడు వేసుకుంటున్నాను."

"ఎప్పట్నుంచి?"

తండ్రి తన కప్పు ఆమెకిచ్చి, ఆమె కప్పు తను తీసుకున్నాడు. ఆమె వద్దనలేదు. చిట్టి ఆ కప్పుల వంకే చూస్తూ కూర్చుంది. తన టీ మీద మీగడ కట్టింది.

"మా ఆవిడా నేనూ ఇలా కలిసి ఓ షాపుకెళ్లి ఎన్నేళ్లయిందో," అన్నాడు షాపాయన. "మీ ఇంట్లో రోజూ ఇంతే సందడా అమ్మాయ్?"

చిట్టి తల ఊపింది. ఔననో కాదనో తెలియలేదు. తండ్రి వంగి షూ లేసు కట్టుకున్నాడు.

షాపు ఆ చివర గేమింగ్ కుర్చీలున్నాయి. తల్లి ఒకదాంట్లో కూర్చుని చూసింది. తండ్రి పక్కదాంట్లో కూర్చుని గిర్రున తిరిగాడు. "స్టీరింగు లేదనే లోటు తప్ప," అన్నాడు. తల్లి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది.

అప్పుడే ఒకాయన హడావిడిగా వచ్చి, ఏవేవో పార్టులు చూపించి, ఇవన్నీ కలుస్తాయా అని అడిగాడు. షాపాయన నోరు తెరిచేలోపే చిట్టి చెప్పేసింది. ఏ ప్రాసెసరు ఏ గూట్లో కూర్చుంటుందో, ఏ క్యాబినెట్‌లో ఎంత పొడుగు కార్డు పడుతుందో, దానికి ఎంత కరెంటు కావాలో. ఒక్క అట్టపెట్టె తిప్పి చూడలేదు.

ఆయన కొనుక్కుని వెళ్లిపోయాడు. షాపాయన చిట్టి వంక అలాగే చూశాడు.

"ఇంత తెలిసినదానివి... కావాలనే పడనివి ఎంచుతున్నావా?"

చిట్టి ముఖం కందిపోయింది. "వచ్చే శనివారం వచ్చి మార్చుకుంటాం అంకుల్. ఇవాళ్టికి ఇవే ఉండనివ్వండి. అమ్మకీ నాన్నకీ చెప్పకండి."

"ధర తగ్గుతుందని చూస్తున్నావా? తగ్గదు తల్లీ. పాపం, పనులు మానుకుని వాళ్లెన్నిసార్లు తిరుగుతారు? ఉండు, ఇవాళే తేల్చేద్దాం."

"వద్దంకుల్. ప్లీజ్."

ఆయన వినలేదు. మంచి మనిషి. అరలన్నీ వెతికి, అనుకున్న డబ్బులోనే సరిపోయే బోర్డు తెచ్చాడు. స్వయంగా కూర్చుని బిగించాడు. ప్రాసెసరు చప్పుడు లేకుండా గూట్లో కూర్చుంది. ఫ్యాను తిరిగింది. తెర వెలిగింది.

తల్లి చప్పట్లు కొట్టింది. తండ్రి ఈల వేశాడు.

"ఇంక సాఫ్ట్‌వేర్ డ్రైవర్లు వేస్తే అయిపోయినట్టే," అన్నాడు షాపాయన.

"డ్రైవరు ఇక్కడే నిలబడ్డాడుగా," అంది తల్లి. ముగ్గురూ గొల్లున నవ్వారు.

చిట్టి వెక్కి వెక్కి ఏడ్చింది. తల్లీ తండ్రీ చెరో పక్కనుంచి భుజం మీద చెయ్యి వేశారు. ఇద్దరి చేతులూ తగిలాయి. ఇద్దరూ వెనక్కి తీసుకున్నారు.

"పిచ్చిపిల్ల, సంతోషం పట్టలేకపోతోంది," అన్నాడు షాపాయన, అట్టపెట్టెకి టేపు వేస్తూ. "ఇక మార్చే పనీ లేదు, మీరు మళ్లీ వచ్చే పనీ లేదు. సాయంత్రానికి మా మనిషి తెచ్చి ఇంట్లో పెట్టి, ఆ డ్రైవర్లు కూడా వేసేస్తాడు. అడ్రసు చెప్పండి."

తల్లీ తండ్రీ ఒకేసారి, రెండు వేర్వేరు ఇళ్ల అడ్రసులు చెప్పారు.