చివరి సందు దాకా

అనకాపల్లిలో ఇప్పుడు గుండెపోటు వస్తే ఎవరూ ఆసుపత్రికి పరుగెత్తరు. ఛాతీ మీది పట్టీ ముందే పసిగట్టి కేక పెడుతుంది, నర్సు వ్యాను గుమ్మం ముందు ఆగుతుంది. బెల్లం కొట్టు వరహాలమ్మ ఇంటికీ అలాగే వచ్చింది. ఆమె మొగుడు అప్పలస్వామిని మంచం మీద నుంచి కదపకుండానే, పూడుకుపోయిన రక్తనాళాన్ని నర్సు హైమ తెరిచేసింది. గోడ మీద అతని గుండె బొమ్మ కొట్టుకుంటుంటే గుమ్మంలో మూగినవాళ్లు చప్పట్లు చరిచారు.

"గట్టెక్కీసినాడు వదినా!" అంది పక్కింటి రావులమ్మ.

వరహాలమ్మ మాత్రం నవ్వలేదు. బొమ్మకు ఎడమ అంచు ఇంకా బూడిద రంగులోనే ఉంది. లారీ ఊళ్లోకి వచ్చినంత మాత్రాన సరుకు సందులోని కొట్టుకు చేరినట్టు కాదని ఆమెకు తెలుసు.

"పెద్ద దారి తెరుచుకున్నా సన్న నాళాల్లోకి రక్తం దిగట్లేదమ్మా" అంది హైమ. "కంటికి కనపడని ఈ మర నలుసుల్ని రక్తంలోకి వదిలితే పూడిక తీస్తాయి గానీ బీపీ పడిపోవచ్చు. వదలకపోతే అక్కడి కండ చచ్చిపోతుంది."

"ఏటంతావు మావా?"

"బేరమాడతావేటే? వదలమను!" అన్నాడు అప్పలస్వామి.

హైమ నలుసుల్ని వదిలింది. బీపీ జారింది. గుమ్మంలోని జనం చూస్తుండగానే అది జారి జారి నిలదొక్కుకుంది. బూడిద అంచులో ఎర్రటి చుక్క పొడిచింది, దాని పక్కనే ఇంకొకటి.

"అదిగో, అటూ వచ్చీసింది!" వేలంపాటలోలా అరిచారు జనం.

చివరికి గోరంత బూడిద మచ్చ మిగిలింది.

"ఆ కాస్త కండ ఇక తిరిగి రాదమ్మా" అంది హైమ.

"పోనీ తల్లీ, ఏ సరుక్కైనా తరుగుంటాది" అంది వరహాలమ్మ, మొగుడి చెయ్యి గట్టిగా పట్టుకుని. "మిగిలిందంతా నాదే!"