కోడు లోపలా, బయటా

"కూర్మయ్య కూతురూ మేనల్లుడూ కాశీబుగ్గ ఆఫీసులో కొట్టుకోడమొకటే తక్కువట. ఇంక పెళ్ళేటవుతాది?" అని పక్కింటి దాలమ్మ ఊరంతా చెప్పుకొస్తోందని విని, కూర్మయ్య జీడిపిక్కలు ఏరుతున్నవాడల్లా గంప అక్కడే వదిలేసి కవిటిలో బస్సెక్కాడు.

మేడమీది ఆఫీసు గదిలో అడుగుపెట్టేసరికి మేనల్లుడు మహేష్ గొంతు ఖంగుమంటోంది.

"మంచికే వొచ్చినావు మావా. నీ ముందే తేల్సుకుంటాం."

"తేల్సు బావా, నాకేటి బయ్యం?" అంది కూతురు యామిని.

తగువు ఇదీ. కిడ్నీ జబ్బు పట్టిన ఉద్దానం ఊళ్ళలో ఇంటింటా తీసిన రక్తపరీక్షల వివరాలు ఓ ట్రస్టు కోసం వీళ్ళు కంప్యూటర్‌లో పెడుతున్నారు. డేటాబేసులో రోగి వివరాలన్నీ పట్టే అచ్చు ఒకటుంది, దాన్ని మోడల్ అంటారు. అందులోని వివరాలను జేసన్ అనే రూపంలోకి మార్చి, అడిగిన స్క్రీనుకు పంపే కోడు ఆ మోడల్‌లోనే ఉండాలంటాడు మహేష్. బయట, వేరే ఫైల్లో ఉండాలంటుంది యామిని.

"మోడల్లోనే ఎడితే ఒక్క లైనుతో అయిపోతాది. దాని సంగతి దానికి తెలదేటి?"

"తెలుసు. తెలిసిందల్లా దారినపోయినోడికి సెప్పీమంటావా? డాక్టరుకి అన్నీ కావాల. రోగుల ఇళ్ళకి మంచినీళ్ళ డబ్బాలేసినోడికి పేరూ వీధీ సాలు. అడిగినోడిని బట్టి రాత్తాను. బయటే రాత్తాను."

"ఆఫీసు నాది."

"రక్తం ఊరోళ్ళది."

కూర్మయ్యకి సగమే అర్థమైంది. "లోపలెడితేటి, బయటెడితేటి? వొచ్చే నెల ముహూర్తం ఎట్టుకుని ఈ గోలేటమ్మా?"

"బయటెడితేనే ముహూర్తం, నాన్నా. నేదంటే ఈ కుర్సీ వొద్దు, పెళ్ళి పీటా వొద్దు."

మహేష్‌కి పౌరుషం పొడుచుకొచ్చింది. మావ వైపు తిరిగాడు.

"నువ్వే సెప్పు మావా. నిన్న నీళ్ళ డబ్బాల స్క్రీను తెరిత్తే మనూరోళ్ళ రిపోర్టులన్నీ కనబడ్డాయి. కొంపలేటైనా మునిగిపోనాయా? నీ క్రియాటినిన్ ఐదు దాటిపోనాదని సూసీ నోరెత్తినానా? కిడ్నీలు పోయినోడి కూతుర్ని సేసుకోనని ఎక్కడైనా అన్నానా?"

యామిని చెయ్యి మౌసు మీదే ఆగిపోయింది.

కూర్మయ్య భుజం మీది తువ్వాలు తీసి మెల్లగా మడత పెట్టుకున్నాడు.

"నా రిపోర్టు నాకింకా ఇవ్వనేదు, అల్లుడా."