పాత ధరకి ఇవాళే ఆఖరు

"రేపటినుంచి రూలు మారిపోతుంది సార్. ఇవాళ సంతకం పెడితేనే పాత ధర," అన్నాడు శ్రీకుమార్, మెడ చుట్టూ చెమట తుడుచుకుంటూ.

మార్చి ముప్పై ఒకటి. మాధవరం పాల కాలనీ వెనక ఒక ప్రైవేటు బడి. ఆఫీసు గదిలో ఫ్యాను చప్పుడైతే చేస్తోంది, గాలి మాత్రం రావడం లేదు. కిటికీ అవతల రేకుల షెడ్డులోంచి ఏదో లొడలొడ. లేతు మిషనో ఏమో.

బల్లకి అవతల బడి కరస్పాండెంటు యతిరాజులు. ఆయన పక్కన ఇంకో పెద్దాయన.

"ఈయన నాగలింగం. మా బడిలో మిషన్ల సంగతంతా ఈయన్నే అడగాల. ఈయన సరే అంటే నేను సంతకం పెట్టేస్తా. నాకు స్విచ్చి వెయ్యడం వరకే తెలుసు," అన్నారు యతిరాజులు.

నాగలింగానిది తెల్ల చొక్కా. మెడలో తాడుకి వేలాడే కళ్లజోడు. వేళ్ల కొసల నల్లటి మరకలు. ఆడిటరే అనుకున్నాడు శ్రీకుమార్. కార్బను కాగితాలు తిరగేసి తిరగేసి వాళ్ల వేళ్లు అట్లాగే అవుతాయి.

ఆడిటర్లంటే అతనికి భయం. ఇవాళ మరీ భయం. ప్రొబేషను ఈ సాయంత్రంతో ఆఖరు. ఇంకొక్క బడి సంతకం పడితే ఉద్యోగం ఖాయం. పడకపోతే రేపు పొద్దున బ్యాగు, టై మేనేజరుకి అప్పగించి ఇంటికి పోవాలి. టై కూడా కంపెనీదే.

డబ్బా విప్పి ఫ్లాపీలు బల్లమీద పరిచాడు.

"స్పెల్లింగు, లెక్కలు, టైపు, మూడూ ఇదే నేర్పుతుంది సార్. టైపుకైతే అసలు మాస్టరే అక్కర్లేదు. తప్పు కొడితే కంప్యూటరే కుయ్‌మంటుంది. జీతం లేదు, లీవు లేదు, దగ్గు లేదు, జలుబు లేదు!"

తన జోకుకి తనే నవ్వాడు.

యతిరాజులు గొంతు సవరించుకుని ఫ్యాను వైపు చూశారు. నాగలింగం మాత్రం హాయిగా నవ్వారు.

"బలే వసతి తంబీ. దగ్గు కూడా లేదంటే ఇంకేం కావాల? అమ్మాసీ, తంబికి ఒక టీ!" అని గుమ్మం దగ్గరున్న ఆయాకి కేకేశారు.

మంచి మనిషి, అనుకున్నాడు శ్రీకుమార్.

"ఇప్పుడు ఒక డబ్బా కొంటే బడిలో ఎన్ని కంప్యూటర్లుంటే అన్నిట్లో వేసుకోవచ్చు సార్. రేపటినుంచి కంప్యూటర్‌కి ఒక లైసెన్సు. అదీ ఏటేటా కట్టాలి."

"అయ్యో, అట్లయితే ఇప్పుడే కొనేద్దాం నాగలింగం!" యతిరాజులు పెన్ను తీశారు. చదువుకున్నవాళ్ల చేత పెన్ను తీయించడానికి రేపు ధర పెరుగుతుందన్న ఒక్క మాట చాలు.

"కొందాం సార్, నేను వద్దంటినా? ఒక చిన్న సందేహం." నాగలింగం పది వేళ్లూ బల్లమీద మెల్లగా ఆడుతున్నాయి, చిటికెన వేళ్లతో సహా. "ఇవాళ కొన్నోళ్లకి రేపటి రూలు పట్టదని మీ కంపెనీ రాసిస్తాదా తంబీ?"

"రాసివ్వరు సార్. కానీ..."

"సరి. రెండేళ్లకి కొత్త రకం వస్తే?"

"అది మళ్లీ కొనాలి సార్."

"ఏ ధరకి?"

"అప్పటి ధరకి."

యతిరాజులు పెన్ను మూత పెట్టారు.

"ఫ్లాపీ చెడిపోతే?" అన్నారు నాగలింగం. "మనలి ఫ్యాక్టరీల పొగకి ఈడ ఇత్తడి బిందెలే నల్లబడిపోతాయి. ఇదేమో అట్టముక్క మాదిరి ఉండాది."

"జాగ్రత్తగా చూసుకోవాలి సార్."

"కరెంటు పోతే?"

అడిగారో లేదో, ఫ్యాను ఆగిపోయింది. కరెంటుకి కూడా శ్రీకుమార్ మీదే పగ. గదంతా ఉక్క. షెడ్డులో లొడలొడ మాత్రం సాగుతూనే ఉంది.

"వచ్చేదాకా... ఆగాలి సార్."

"అంటే కరెంటుతో పాటు పాఠం కూడా పోతాదన్నమాట," అన్నారు నాగలింగం, ఎంతో జాలిగా.

"ఎదురు కాన్వెంటులో కొనేశారంట నాగలింగం. పిల్లోళ్లు ఆడికి పోతారేమో," అని గునిశారు యతిరాజులు.

"కొననీండి సార్. ముందు వాళ్ల ఫ్లాపీలకి బూజు పట్టనీండి. చూసి నేర్చుకుందాం. ఈ రేట్లు ఒక దోవకి వచ్చినాక మనమూ కొందాం. ఎవురు వద్దన్నారు?"

యతిరాజులు మొహం వెలిగిపోయింది. "చూస్తివా తంబీ, మా నాగలింగం బుర్ర! బడి సొమ్మంటే సొంత సొమ్ము ఆయనకి. నువ్వు వచ్చే ఏడాది రాప్పా."

"వచ్చే ఏడాదికి నేనుండను సార్," అన్నాడు శ్రీకుమార్.

"అదేంది, ఒంట్లో బాగాలేదా?"

బయట బెల్లు మోగింది. నాగలింగం లేచి, శ్రీకుమార్ భుజం తట్టారు. "టీ తాగి పో తంబీ. ఎండ జాస్తిగా ఉండాది," అని చెప్పి వెళ్లిపోయారు.

శ్రీకుమార్ ఫ్లాపీలు సర్దుకుని వరండాలోకి వచ్చాడు. టై విప్పి, మడిచి, జాగ్రత్తగా బ్యాగులో పెట్టాడు. అప్పుడొచ్చింది టీ. అది కూడా చల్లారిపోయింది.

"ఆ పెద్దాయన పెద్ద ఆడిటరా అమ్మా?" అని అడిగాడు అమ్మాసిని. "కంపెనీవాళ్లే అడగలేని ప్రశ్నలు అడిగాడు."

అమ్మాసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. గడ్డంతో రేకుల షెడ్డు వైపు చూపించింది.

అక్కడ లొడలొడ ఒక్కసారిగా ఆగింది. "ఏ, ఎస్, డి, ఎఫ్... చిటికెన వేలు నిద్దరపోతా ఉండాదా, దాంతో కూడా కొట్టరా!" అని టైపు మిషన్ల నడుమ తిరుగుతూ పిల్లల్ని అదిలిస్తున్న మాస్టరు గొంతు, ఇందాక తనకి టీ తెప్పించిన గొంతే.