పసరు మహిమ

"చూశారా డాక్టరమ్మా, ఆకుపసరు దెబ్బకి మీ వైరస్ తోక ముడిచింది!" అంటూ మెకానిక్ రక్తపరీక్ష కాగితాన్ని బల్ల మీద పరిచాడు. "మీ మాత్రలు ఎప్పుడో చెత్తబుట్టలో పడేశా."

నిజమే, కాలేయం వాపు తగ్గింది. రక్తంలో వైరస్ జాడ లేదు. అంత మంచి ఫలితం చూసి కూడా డాక్టరమ్మకు ఒళ్లు మండింది.

"ఎవరా వైద్యుడు?"

"నాకేం తెలుసు? మా ఆవిడే తెస్తుంది," అని అతను బండి తీయడానికి బయటికి నడిచాడు.

వెంట వచ్చిన భార్య తలుపు దగ్గరగా వేసింది. "వైద్యుడూ లేడు, మూలికా లేదండీ. అది ఉత్త కొత్తిమీర రసం. మీ మాత్రలే మళ్లీ కొని, నూరి అందులో కలుపుతున్నా. మాత్రలంటే ఆయన మొండికేస్తారు, పసరంటే కళ్లకద్దుకుని తాగుతారు. మీరు కూడా ఒక్క మాట..."

బయట హారన్ మోగింది.

డాక్టరమ్మ వరండాలోకి వచ్చింది. ఇన్నేళ్లుగా ఏ రోగితోనూ అనని మాటని ఎలాగో బయటికి తెచ్చింది.

"ఆ పసరు ఒక్క పూట కూడా మానకండి. బాగా పనిచేస్తోంది."

మెకానిక్ ఆమె వంక జాలిగా చూశాడు.

"పర్లేదమ్మా. చదువుకున్నవాళ్లకి కాస్త ఆలస్యంగా అర్థమవుతుంది."