పలకని సర్వర్

“ఆ పేరే లేదని రాసేశావేంటి బాబూ?” సీనియర్ ప్రోగ్రామర్ తెరమీద వేలు పెట్టింది.

వెబ్‌సైట్ పేరు ఇస్తే, సర్వర్‌ని అడిగి చిరునామా తెచ్చే ప్రోగ్రాం అది. రాసినవాడు తల గోక్కున్నాడు.

“అయిదు సెకన్లు చూశాను మేడమ్. సర్వర్ ఉలకలేదు, పలకలేదు.”

“లేదని అది చెప్పిందా?”

“చెప్పలేదు.”

“మరి దాని బదులు నువ్వెందుకు చెప్తున్నావు? పలక్కపోతే మళ్ళీ అడగాలి. అప్పటికీ పలక్కపోతే ఇంకో సర్వర్‌ని అడగాలి. ఇది ప్రోగ్రామా, అలిగిన కొత్తల్లుడా?”

అతనికి నవ్వు రాలేదు. పది రోజుల కిందట మాటా మాటా పెరిగాక, అక్కకి ఒకే ఒక్క మెసేజ్ పెట్టాడు. జవాబు రాలేదు. ఇక తెగదెంపులే అనుకున్నాడు.

ఫోన్ తీసి అక్కకి చేశాడు. కలవలేదు. కాసేపు తటపటాయించి, బావకి చేశాడు.

“బతికే ఉన్నావా!” బావ గొంతు గదంతా వినబడింది. “మీ అక్క ఫోన్ ఆరోజే బకెట్లో పడి చచ్చింది. నన్నూ నీకు చెయ్యనివ్వదు. వాడు అడగలేదంటే వాడికి అక్క లేనట్టేనంటూ ఒకటే ఏడుపు!”

సీనియర్ కుర్చీ ఇటు తిప్పింది.

“మీ అక్క కూడా ప్రోగ్రాములు రాస్తుందా ఏంటి?”