దొంగకి పెట్టిన యాస

తాడేపల్లిగూడెం పోటీకి పిల్లలు కొల్లేరు మీద తీసిన యానిమేషన్ సినిమా ప్రదర్శన అయిపోయింది. ‘అన్ని వర్గాలకూ చోటుందా’ అన్న గడిలో జడ్జి హిమబిందు పదికి పది వేసింది.

"ఎలా ఉందండీ?" అని పక్కన కూర్చున్న అచ్చమ్మని అడిగింది. కొల్లేట్లో చేపలు పట్టే ఆవిడని పిల్లలే పిలుచుకొచ్చారు.

"బాగుందండి. మా పడవలు, వలలు, అన్నీ ఉన్నాయి. కానీ హీరోయిన్ మా పిల్లే అయినా మీలాగా మాట్లాడిందండి. మా యాస ఆ చేపల దొంగ ఒక్కడికే పెట్టారు."

హిమబిందు తల దించుకుంది. ఆ దొంగ నోరు విప్పినప్పుడల్లా అందరికంటే ముందు నవ్వింది తనే. పక్కనున్న అచ్చమ్మ నవ్విందో లేదో చూడనైనా లేదు.

గడిలో వేసిన పదిని కొట్టేసింది. "ఎంత వెయ్యమంటారండీ?"

"పిల్లలకి తెలీదు కదండీ. వాళ్ళకి తగ్గించకండి," అంది అచ్చమ్మ.